తీగ ఊడితే కనిపిస్తుంది, సంకేతం ఆగితే? ఆసుపత్రుల్లో వైర్‌లెస్‌కు ముందు తేల్చుకోవలసినవి

ఆసుపత్రి పడకల చుట్టూ తీగలు తగ్గుతున్నాయి. గుండె లయను గమనించే మానిటర్లు, నిర్ణీత మోతాదులో మందు ఎక్కించే పంపులు, వైద్యుల చేతిలోని ట్యాబ్ కంప్యూటర్లు, రోగి చేతి పట్టీపై బార్‌కోడ్‌ను చదివే స్కానర్లు ఇప్పుడు చాలావరకు రేడియో తరంగాల ద్వారానే సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. పెద్ద నగరాల కార్పొరేట్ ఆసుపత్రులతో మొదలైన ఈ మార్పు జిల్లా కేంద్రాల్లోని యాభై పడకల నర్సింగ్ హోముల వరకూ చేరుతోంది.

తీగకు ఒక సుగుణం ఉంది. అది ఊడిపోతే కంటికి కనిపిస్తుంది. రేడియో సంకేతం ఆగిపోతే కనిపించదు, వినిపించదు. ఆ సంగతిని యంత్రమే చెప్పాలి, చెప్పినది వినడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి. అందుకే, ఏ కంపెనీ పరికరం కొనాలి, ఎంత వేగం రావాలి అన్న ప్రశ్నలకన్నా ముందు ఆసుపత్రి యాజమాన్యం తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. సంకేతం ఆగినప్పుడు ఆ విషయం ఎవరికి, ఎంతసేపట్లో తెలుస్తుంది? తెలిశాక వారు ఏం చేయాలి? గత మూడు దశాబ్దాల్లో వివిధ దేశాల ఆసుపత్రులకు ఎదురైన అనుభవాలన్నీ ఈ ప్రశ్న దగ్గరకే వచ్చి ఆగుతాయి.

ఒక్క మాట, ఐదు వ్యవస్థలు

వైర్‌లెస్‌కు తెలుగులో ‘నిస్తంత్రి’ అనే మాట ఉంది. తీగ లేనిదని దాని అర్థం. ఆసుపత్రిలో ఈ ఒక్క మాట కింద కనీసం ఐదు వేర్వేరు వ్యవస్థలు పనిచేస్తాయి.

మొదటిది వైఫై. దీని మూల ప్రమాణాన్ని అమెరికాకు చెందిన ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ 1997లో ప్రకటించింది. రోగి వివరాలు, పరీక్షల ఫలితాలు, స్కానింగ్ చిత్రాలు సాధారణంగా దీని మీదుగానే ప్రయాణిస్తాయి. రెండోది బ్లూటూత్. కొన్ని మీటర్ల దూరంలోనే పనిచేసే ఈ విధానాన్ని రక్తపోటు, చక్కెర, రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని కొలిచే చిన్న పరికరాల్లో వాడతారు. మూడోది ఆర్‌ఎఫ్‌ఐడీ. చక్రాల కుర్చీకో వెంటిలేటర్‌కో అతికించిన చిన్న బిళ్లను రేడియో తరంగాలతో చదివి, ఆ వస్తువు ఎక్కడుందో చెప్పే విధానమిది. నాలుగోది టెలిమెట్రీ. గుండె జబ్బు రోగి మెడలో వేలాడే చిన్న పెట్టె నుంచి ఈసీజీ గీతలు నేరుగా నర్సుల గదిలోని తెర మీదకు చేరతాయి. అయిదోది ఆసుపత్రి గోడలు దాటి పనిచేసే మొబైల్, ఉపగ్రహ సంబంధాలు.

ఈ చివరి కోవలో తెలుగు నేలకు ఒక ప్రత్యేకత ఉంది. దేశంలో తొలినాటి గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రాల్లో ఒకటి 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో మొదలైంది. అక్కడి చిన్న ఆసుపత్రిని ఉపగ్రహ సంబంధం ద్వారా నగరంలోని నిపుణులతో కలిపారు. రెండు దశాబ్దాల తర్వాత అదే ఆలోచన మొబైల్ ఫోన్ దాకా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరులో ప్రారంభించిన ఈ-సంజీవని సేవ ద్వారా 2023 ఫిబ్రవరి నాటికి 10 కోట్ల సంప్రదింపులు పూర్తయ్యాయి.

ఈ ఐదింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఈ-సంజీవని సంభాషణ మధ్యలో ఆగితే మళ్లీ కలుపుకోవచ్చు. ఆర్‌ఎఫ్‌ఐడీ పనిచేయకపోతే చక్రాల కుర్చీ కోసం కాసేపు వెతుక్కోవచ్చు. గుండె రోగి టెలిమెట్రీ ఆగితే అంత వెసులుబాటు ఉండదు. ఏ సంకేతం ఎంతసేపు ఆగినా ఫరవాలేదు అన్న లెక్క ముందే వేసుకోవడం వైర్‌లెస్ ప్రణాళికలో తొలి మెట్టు.

ప్రయోజనం ఎక్కడుంది?

మంచానికి తీగలతో కట్టేసిన రోగికి లేచి నడవడం కష్టం. శస్త్రచికిత్స తర్వాత వీలైనంత త్వరగా నడిపించడం మంచిదని వైద్యులు చెబుతారు. టెలిమెట్రీ పెట్టె ఉంటే రోగి వరండాలో నడుస్తున్నా గుండె లయ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. ఐసీయూ నుంచి స్కానింగ్ గదికి తీసుకెళ్లే దారిలోనూ నిఘా తెగదు.

రెండో ప్రయోజనం కాగితం పనిలో ఉంది. సాధారణంగా నర్సు పడక దగ్గర కొలతలు చూసి, చీటీ మీద రాసుకుని, తర్వాత కేస్ షీట్‌లోకి ఎక్కించి, చివరకు కంప్యూటర్‌లో నమోదు చేస్తుంది. ఒకే అంకెను మూడుసార్లు రాసే ఈ పద్ధతిలో సమయంతో పాటు కచ్చితత్వం కూడా పోతుంది. పడక దగ్గరే నమోదైతే రాత ఒక్కసారితో ముగుస్తుంది. మందు ఇచ్చే ముందు రోగి చేతి పట్టీని, మందు పొట్లాన్ని స్కాన్ చేస్తే, ఒకరి మందు మరొకరికి ఇచ్చే పొరపాటును ఆ క్షణంలోనే పట్టుకోవచ్చు. అయితే స్కానర్‌కు ఆ మంచం దగ్గర సంకేతం అందాలి. అందకపోతే నర్సు స్కాన్ చేయకుండానే మందు ఇచ్చి, తర్వాత తీరికగా నమోదు చేస్తుంది. అప్పుడు యంత్రం ఉన్నా రక్షణ ఉండదు. సంకేతం బలహీనంగా ఉన్న వార్డులో ఇలాంటి దొడ్డిదారులు త్వరగా అలవాటుగా మారతాయి.

గాలి అందరిదీ

వైఫై, బ్లూటూత్ రెండూ ఎక్కువగా వాడే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల శ్రేణికి మన దేశంలో 2005 జనవరిలో లైసెన్సు నుంచి మినహాయింపు లభించింది. ఆర్‌ఎఫ్‌ఐడీ కోసం 865–867 మెగాహెర్ట్జ్ శ్రేణిని కూడా అదే ఏడాది లైసెన్సు రహితం చేశారు. 5 గిగాహెర్ట్జ్ శ్రేణిలో వెసులుబాటును 2018లో విస్తరించారు. శరీరం లోపల అమర్చే వైద్య పరికరాల కోసం 402–405 మెగాహెర్ట్జ్ శ్రేణి ఉంది.

లైసెన్సు అక్కర్లేదన్న మాట వినడానికి సౌకర్యంగా ఉంటుంది. ఆ మినహాయింపుతో పాటే వచ్చే షరతును మాత్రం చాలామంది చదవరు. ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, ఇతరుల వల్ల అంతరాయం కలిగితే రక్షణ కోరకూడదు, ఆ శ్రేణిని అందరితో పంచుకోవాలి. అంటే, పక్క భవనంలోని దుకాణం వైఫై పెట్టెకూ ఐసీయూలోని మానిటర్‌కూ ఆ గాలిలో సమాన హక్కే ఉంటుంది. మానిటర్ మీద ఒక ప్రాణం ఆధారపడి ఉందన్న సంగతి రేడియో తరంగానికి తెలియదు.

అమెరికాలోని డాలస్ నగరంలో 1998 ఫిబ్రవరిలో జరిగిన సంఘటన ఈ విషయాన్ని కళ్లకు కట్టింది. అక్కడి బేలర్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో గుండె రోగుల టెలిమెట్రీ పరికరాలు, ఆ ప్రాంతంలో ఖాళీగా ఉన్న ఒక టెలివిజన్ చానల్ పౌనఃపున్యంపై ఏళ్లుగా పనిచేస్తున్నాయి. స్థానిక టీవీ కేంద్రం డిజిటల్ ప్రసారాలను పరీక్షించడం కోసం అదే చానల్‌ను వాడటం మొదలుపెట్టింది. దాంతో ఆసుపత్రి మానిటర్లు పనిచేయడం మానేశాయి. కారణం తెలిశాక టీవీ కేంద్రం తన పరీక్షా ప్రసారాలను ఆపివేసింది. రోగులెవరికీ హాని జరగలేదు. టీవీ కేంద్రానికి ఆ చానల్‌పై లైసెన్సు ఉంది. ఆసుపత్రికి ఉన్నది ఖాళీ స్థలంలో తాత్కాలికంగా నిలిచే వెసులుబాటు మాత్రమే. అందువల్ల చట్టపరంగా తప్పు ఎవరిదీ కాదు.

ఈ ఘటన తర్వాత అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2000లో వైద్య టెలిమెట్రీకి ప్రత్యేకంగా మూడు పౌనఃపున్య శ్రేణులను కేటాయించింది. టెలిమెట్రీ కొనే ఆసుపత్రి అమ్మకందారును అడగవలసిన మొదటి ప్రశ్న ఇక్కడి నుంచే వస్తుంది. ఈ పరికరం ఏ పౌనఃపున్యంపై పనిచేస్తుంది? ఆ శ్రేణికి మన దేశంలో అనుమతి ఉందా? అదే శ్రేణిని ఇంకెవరు వాడుతున్నారు? వేరే దేశపు కేటాయింపుల ప్రకారం తయారైన పరికరాన్ని ఇక్కడ అలాగే వాడటం అన్నిసార్లూ కుదరదు.

గోడలు, సీసం, మైక్రోవేవ్ పొయ్యి

ఇల్లు, కార్యాలయాలతో పోలిస్తే రేడియో తరంగాలకు ఆసుపత్రి భవనం కష్టమైన చోటు. ఎక్స్‌రే, సీటీ స్కాన్ గదుల గోడల్లో సీసం పలకలు ఉంటాయి. ఎంఆర్‌ఐ గది చుట్టూ లోహపు కవచమే ఉంటుంది. లిఫ్టులు, ఆక్సిజన్ గొట్టాలు, ఇనుప బీరువాలు తరంగాలను అడ్డుకుంటాయి లేదా పక్కకు మళ్లిస్తాయి. నీరు ఎక్కువగా ఉండే మనిషి శరీరం కూడా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పీల్చుకుంటుంది. ఖాళీ వార్డులో చక్కగా అందిన సంకేతం, సందర్శకుల వేళ జనం నిండగానే బలహీనపడటానికి ఇదొక కారణం. క్యాంటీన్‌లోని మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే.

2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలో ఒకదానితో ఒకటి ఒరుసుకోని వైఫై చానళ్లు సాధారణంగా మూడే, అవి 1, 6, 11. ఒకే అంతస్తులో ఇరవై యాక్సెస్ పాయింట్లు పెడితే అవి ఈ మూడు దారుల్లోనే సర్దుకోవాలి. అందువల్ల సంకేతం అందడం లేదని మరో రెండు పెట్టెలు తగిలిస్తే పరిస్థితి మెరుగుపడకపోగా మరింత దిగజారవచ్చు. వైద్య పరికరాలను వీలైనంతవరకు 5 గిగాహెర్ట్జ్ శ్రేణికి మార్చి, రద్దీగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిని తక్కువ కీలకమైన అవసరాలకు ఉంచడం ఒక పరిష్కారం. అయితే 5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటడంలో వెనుకబడతాయి కనుక యాక్సెస్ పాయింట్లను దగ్గర దగ్గరగా అమర్చాలి.

వేగం గురించిన ఆరాటం కూడా కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఈసీజీ గీతలు పంపడానికి కావలసిన వేగం సెకనుకు కొన్ని కిలోబిట్లు మాత్రమే. ఒక సీటీ స్కాన్ చిత్రాల మొత్తం వందల మెగాబైట్లు ఉండవచ్చు. స్కాన్ చిత్రం అయిదు సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటే వైద్యుడు విసుక్కుంటాడు, అంతే. ఈసీజీ గీత అయిదు సెకన్లు మాయమైతే ఆ అయిదు సెకన్లలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. మొదటిదానికి వేగం కావాలి, రెండోదానికి ఎడతెగని అందుబాటు కావాలి.

అందుకే పరికరాలు కొనకముందే భవనమంతా తిరిగి ప్రతి వార్డులో, ప్రతి పడక వద్ద, లిఫ్టులో, మెట్ల దగ్గర, స్నానాల గదిలో సంకేతాన్ని కొలవాలి. గుండె రోగి స్పృహ తప్పి పడిపోయే అవకాశం స్నానాల గదిలోనూ ఉంటుంది. రోగిని ఒక వార్డు నుంచి మరో వార్డుకు తీసుకెళ్తున్నప్పుడు పరికరం ఒక యాక్సెస్ పాయింటును వదిలి మరొకదాన్ని అందుకోవడానికి ఎంత సమయం పడుతోందో నడుస్తూనే పరీక్షించాలి. గోడ కట్టినా, కొత్త స్కానింగ్ యంత్రం తెచ్చినా ఈ కొలతలు మళ్లీ తీసుకోవాలి.

యంత్రానికి యంత్రమే అడ్డు

వైర్‌లెస్ పరికరానికి అంతరాయం కలగడం ఒక సమస్య. వైర్‌లెస్ పరికరమే పక్కనున్న వైద్య యంత్రానికి అంతరాయం కలిగించడం దానికి రెండో ముఖం.

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో చేసిన ఒక అధ్యయనం 2008లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ‘జామా’లో వెలువడింది. ఐసీయూలో వాడే 41 వైద్య పరికరాలను రోగులకు తగిలించకుండా ఆర్‌ఎఫ్‌ఐడీ పరికరాల దగ్గర ఉంచి 123 పరీక్షలు చేశారు. వాటిలో 34 సార్లు అంతరాయం కలిగింది. ఈ 34లో 22 రోగికి ప్రమాదం కలిగించగలవని పరిశోధకులు నిర్ధారించారు. సిరంజి పంపులు ఆగిపోవడం, వెంటిలేటర్లు నిలిచిపోవడం అందులో ఉన్నాయి. పోయిన వస్తువులను వెతకడానికి తెచ్చిన సాంకేతికత ప్రాణాధార యంత్రాన్ని ఆపగలదని ఆ పరీక్షలు తేల్చాయి.

దీనికి ఏడాది ముందు, అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు రోగుల గదుల్లో మొబైల్ ఫోన్లతో 300 పరీక్షలు చేశారు. చెప్పుకోదగ్గ అంతరాయం ఒక్కటీ కనిపించలేదని ప్రకటించారు. పైకి ఈ రెండు ఫలితాలు పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి పరికరం రకం, అది వెలువరించే శక్తి, మధ్య దూరం మారితే ఫలితం మారుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ పరీక్షల్లో అంతరాయం కలిగిన దూరాల మధ్యస్థ విలువ 30 సెంటీమీటర్లు. అలాగని ‘ఫోన్లన్నీ నిషిద్ధం’ అన్న బోర్డు తగిలించడంతో పని పూర్తి కాదు, బోర్డు తీసేయడమూ సరికాదు. తమ ఐసీయూలో ఉన్న యంత్రాలను, తాము తేబోయే వైర్‌లెస్ పరికరాలతో కలిపి, రోగి లేనప్పుడు పరీక్షించుకోవడమే నమ్మదగిన దారి.

వైద్య విద్యుత్ పరికరాలు బయటి తరంగాలను ఎంతవరకు తట్టుకోవాలో ఐఈసీ 60601-1-2 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. దగ్గరలో ఉండే ఫోన్లు, వైఫై వంటి వాటిని దృష్టిలో ఉంచుకుని 2014 నాటి నాలుగో ముద్రణలో పరీక్షలను కఠినం చేశారు. అంతకు ముందు తయారైన పాత పంపులు, పాత వెంటిలేటర్లు మన ఆసుపత్రుల్లో ఇంకా పనిచేస్తున్నాయి. కొత్త నెట్‌వర్క్ పక్కన ఈ పాత యంత్రాలు ఎలా ప్రవర్తిస్తాయన్నది ఆసుపత్రి బయోమెడికల్ ఇంజినీరు విడిగా చూడవలసిన విషయం.

అలారం మోగింది, విన్నదెవరు?

వైర్‌లెస్ వచ్చాక అలారాలు పడక పక్కనే మోగి ఊరుకోవు. నర్సుల గదిలోని తెరకు, వారి చేతి ఫోన్లకు కూడా చేరతాయి. ఇది మంచిదే. అయితే ప్రతి అలారం ప్రతి ఫోన్‌కూ చేరితే కొద్ది రోజుల్లోనే వాటిని పట్టించుకోవడం తగ్గుతుంది. వైద్య రంగం దీన్ని ‘అలారం అలసట’ అంటోంది.

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు అలారాలకు సంబంధించి తమకు తెలిసిన ఘటనలు 98 కాగా, వాటిలో 80 మరణంతో ముగిశాయని అందులో పేర్కొంది. మోగే అలారాల్లో 85 నుంచి 99 శాతం దాకా వైద్యపరమైన చర్య అవసరం లేనివేనని కూడా తెలిపింది. ఛాతీ మీద అతికించిన ఎలక్ట్రోడ్ ఊడిపోవడం, రోగి పక్కకు తిరగడం, హద్దులను మరీ దగ్గరగా పెట్టడం వంటివి వీటికి కారణాలు.

కనుక అలారం ఎవరి ఫోన్‌కు వెళ్లాలి, వారు అర నిమిషంలో స్పందించకపోతే తర్వాత ఎవరికి వెళ్లాలి, ఏ హద్దు దాటితే మోగాలి అన్నవి వైద్యులు, నర్సులు కలిసి కాగితం మీద రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సంకేతం తెగిపోవడం కూడా ఒక అలారమేనని గుర్తించాలి. తెర మీద చివరి గీత అలాగే నిలిచిపోయి అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపించే యంత్రం కన్నా, ‘ఈ రోగి సమాచారం అందడం లేదు’ అని గట్టిగా చెప్పే యంత్రం మేలు. కొనుగోలుకు ముందు ఈ ఒక్క పరీక్ష ఎదుటే చేయించుకోవచ్చు. పరికరాన్ని సంకేతం అందని చోటికి తీసుకెళ్లి, నర్సుల గదిలో ఏం జరుగుతుందో గడియారం పట్టుకుని చూడాలి.

తలుపు ఒకటే అయితే

తీగ ఉన్న నెట్‌వర్క్‌లోకి చొరబడాలంటే భవనంలోకి రావాలి. వైర్‌లెస్ సంకేతం భవనం దాటి రోడ్డు మీదకూ వస్తుంది. తొలినాటి వైఫై భద్రతా విధానం వెప్‌ను సులువుగా ఛేదించవచ్చని పరిశోధకులు 2001లోనే చూపించారు. తర్వాత 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రెండు మూడేళ్లకోసారి మారతాయి. వైద్య యంత్రాలు పది పదిహేనేళ్లు పనిచేస్తాయి. వాటిలోని పాత వైర్‌లెస్ భాగం కొత్త భద్రతా విధానాన్ని అర్థం చేసుకోలేకపోతే, దాని కోసం ఆసుపత్రి మొత్తం పాత తాళాన్నే వాడుకునే ప్రమాదం ఉంది. అలాంటి యంత్రాన్ని వేరే గదిలో పెట్టినట్టుగా వేరే నెట్‌వర్క్‌లో ఉంచడమే దారి.

ఢిల్లీ ఎయిమ్స్‌పై 2022 నవంబరు 23న జరిగిన సైబర్ దాడి ఈ విభజన ఎంత అవసరమో చూపింది. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయని, దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం పడిన స్థితికి చేరిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. నెట్‌వర్క్‌ను సరైన విధంగా విభజించకపోవడం వల్లే చొరబాటు సాధ్యమైందని ప్రాథమిక విశ్లేషణలో తేలినట్టు వెల్లడించింది. దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చే ఆ ఆసుపత్రిలో దాదాపు రెండు వారాల పాటు చీటీల నుంచి పరీక్షల ఫలితాల దాకా చేతిరాతతోనే నడిపించవలసి వచ్చింది. అది వైర్‌లెస్ మీద జరిగిన దాడి అని ఎవరూ చెప్పలేదు. కానీ పాఠం వైర్‌లెస్‌కు మరింత వర్తిస్తుంది. రోగుల సహాయకులకు ఇచ్చే ఉచిత వైఫై, కార్యాలయ కంప్యూటర్లు, వైద్య యంత్రాలు, సీసీ కెమెరాలు ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే, ఒక తలుపు తెరుచుకున్నా ఇల్లంతా తెరుచుకున్నట్టే.

శరీరం లోపలి పరికరాలకూ ఇది వర్తిస్తుంది. రేడియో తరంగాల ద్వారా చొరబడే వీలున్న లోపం బయటపడటంతో, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 ఆగస్టులో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు సాఫ్ట్‌వేర్ సవరణను ఆమోదించింది. పరికరాన్ని బయటికి తీయనవసరం లేకపోయినా, రోగులు వైద్యుడి దగ్గరకు వెళ్లి ఆ సవరణ చేయించుకోవలసి వచ్చింది. ఎవరికీ హాని జరిగినట్టు అప్పటికి సమాచారం లేదు. కొన్న రోజుతో వైద్య పరికరం బాధ్యత ముగియదని, సవరణలు ఎన్నేళ్లు ఇస్తారో ఒప్పందంలోనే రాయించుకోవాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

కాగితం బీరువాలో ఉండాలి

పైకప్పుకు తగిలించిన యాక్సెస్ పాయింటు వరకే గాలి దారి. అక్కడి నుంచి సర్వర్ దాకా ఉన్నది తీగలు, స్విచ్‌లు, కరెంటు. మానిటర్‌కు యూపీఎస్ ఉండి, వరండాలోని నెట్‌వర్క్ స్విచ్‌కు లేకపోతే, కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాల్లో మానిటర్ పనిచేస్తూనే ఉంటుంది. దాని మాట మాత్రం ఎవరికీ చేరదు. కరెంటు వచ్చాక కూడా స్విచ్ మళ్లీ సిద్ధం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వేసవి కోతలు, వానాకాలపు అంతరాయాలు అలవాటైన మన ఊళ్లలో ఇది ఊహకు సంబంధించిన విషయం కాదు.

బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్‌లో 2002 నవంబరులో నెట్‌వర్క్ కుప్పకూలింది. అమెరికాలో కంప్యూటరీకరణకు పేరొందిన ఆసుపత్రుల్లో అది ఒకటి. దాదాపు నాలుగు రోజులు వైద్యులు, నర్సులు కాగితానికి తిరిగి వెళ్లారు. ఆ వైఫల్యాన్ని దాచకుండా ఆసుపత్రి అధికారులు బహిరంగంగా వివరించారు కాబట్టే ఇతరులు దాని నుంచి నేర్చుకోగలిగారు. ఎన్నేళ్లుగానో ఒకదానిమీద ఒకటి అతుకులు వేస్తూ పెంచిన నెట్‌వర్క్ ఒక రోజు తన బరువుకు తానే కూలుతుందన్నది అక్కడి పాఠం.

ఖాళీ కేస్ షీట్లు, మందుల పట్టిక ఫారాలు ప్రతి వార్డులో సిద్ధంగా ఉండాలి. వాటిని ఎలా నింపాలో కొత్తగా చేరిన నర్సుకు కూడా తెలియాలి. ఆరు నెలలకోసారైనా ముందుగా ప్రకటించి, ఒక వార్డులో వైర్‌లెస్‌ను ఆపి, పని ఎలా సాగుతుందో చూసుకోవాలి. మంటలు ఆర్పే విన్యాసం లాంటిదే ఇది కూడా.

బాధ్యత ఎవరిది?

వైద్య పరికరాలున్న నెట్‌వర్క్‌లలో ప్రమాదాలను ఎలా అంచనా వేయాలో చెప్పే ఐఈసీ 80001-1 ప్రమాణం 2010లో వచ్చింది. దాని సారాంశం సూటిగా ఉంటుంది. పరికరం తయారుచేసినవారు పరికరానికి, నెట్‌వర్క్ వేసినవారు నెట్‌వర్క్‌కు జవాబుదారీ. ఆ రెండూ కలిశాక పుట్టే ప్రమాదానికి ఆసుపత్రి యాజమాన్యమే జవాబుదారీ. మానిటర్ ఆగినప్పుడు పరికరం కంపెనీ నెట్‌వర్క్‌ను, నెట్‌వర్క్ కంపెనీ పరికరాన్ని తప్పుపట్టడం మామూలే. ఆ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారం ఆసుపత్రిలో ఒక వ్యక్తికి ముందే అప్పగించి ఉండాలి.

మన చట్టాలూ ఆ దిశగానే వెళ్తున్నాయి. సైబర్ ఘటన గురించి తెలిసిన ఆరు గంటల్లోగా తనకు తెలపాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోనందుకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తం చేశాక, రోగి రికార్డు ఒక ఆసుపత్రి గోడల మధ్యే ఉండిపోయే రోజులు పోతున్నాయి. ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లోని బలహీనమైన వైఫై పాస్‌వర్డ్ ఇక ఆ ఒక్క నర్సింగ్ హోమ్ సమస్యే కాదు.

చిన్న ఆసుపత్రి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇన్ని జాగ్రత్తలు పెద్ద ఆసుపత్రులకే సాధ్యమనిపించవచ్చు. క్రమం సరిగా పెట్టుకుంటే చిన్న ఆసుపత్రికీ సాధ్యమే. ముందు సంకేతం ఆగినా రోగికి హాని కలగని పనులతో, అంటే రిజిస్ట్రేషన్, బిల్లులు, పరీక్షల ఫలితాలు చూడటం వంటి వాటితో మొదలుపెట్టాలి. రోగుల సహాయకుల వైఫైని మొదటి రోజు నుంచే విడిగా ఉంచాలి. అది ఆరు నెలలు నిలకడగా నడిచాక పడక దగ్గర నమోదు, బార్‌కోడ్ స్కానింగ్‌కు వెళ్లాలి. ప్రాణాధార యంత్రాల నిఘాను చివరి మెట్టుగా ఉంచాలి. ఆ మెట్టు ఎక్కేనాటికి ఎక్కడ సంకేతం బలహీనమో, ఏ వేళ రద్దీ పెరుగుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో సిబ్బందికి అనుభవంలోకి వచ్చి ఉంటుంది.

కదలవలసిన అవసరం లేని యంత్రానికి తీగే మేలన్న సంగతి కూడా మరవకూడదు. ఐసీయూలో మంచం కదలని రోగి మానిటర్‌ను తీగతోనే ఉంచి, వైర్‌లెస్‌ను తోడుగా వాడుకోవడం వెనుకబాటు కాదు.

ఆసుపత్రిలో చేరే రోగి కుటుంబ సభ్యులకు పౌనఃపున్యాలు, ప్రమాణాలు తెలియనవసరం లేదు. వారు అడగదగిన ప్రశ్న మాత్రం ఒకటుంది. ‘ఈ యంత్రం చెప్పేది అక్కడి తెర మీద కనిపించకపోతే, మీకు ఎలా తెలుస్తుంది?’ వార్డులోని నర్సు తడుముకోకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే, ఆ ఆసుపత్రి వైర్‌లెస్‌ను నిజంగా అందిపుచ్చుకున్నట్టే.